తాళాలు కొంచెం తగ్గించండి

"డ్రమ్స్ తాళాలు కొంచెం తగ్గించండి సార్. రేకుల కప్పు మీద మేకులు కుమ్మరించినట్టుంది."

పాటను ఆన్‌లైన్ సంగీత గ్రూపులో పెట్టి విల్ఫ్రిదో ఒక్క గుక్క చల్లటి టెరెరే కషాయం తాగాడో లేదో, కింద ఈ వ్యాఖ్య వచ్చి కూర్చుంది.

అతనికి ఒళ్లు మండింది.

పగలంతా తన కొట్లో ఇనప గేట్లు కోసి, అతికించి, సాయంత్రాలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వారమంతా మిక్సింగ్ చేసిన పాట అది. ఈ వయసులో అతనికి మిగిలిన సరదా అదొక్కటే.

రాసినవాడు పేరు చోట "పొరుగువాడు" అని పెట్టుకున్నాడు. ఫొటో లేదు, ఊరు లేదు. సొంత పాట ఒక్కటి పెట్టిన పాపాన పోలేదు.

మిగతావాళ్లంతా "అదరగొట్టావు సోదరా!" అనే రాశారు.

రాయక ఏం చేస్తారు? మన పాట పెట్టాలంటే ముందు ఇంకొకరి పాట విని అభిప్రాయం చెప్పాలని ఆ గ్రూపులో నియమం. అందుకని అందరూ అందరికీ అదరగొట్టావనే రాస్తారు. సగంమంది పాట చివరిదాకా వినను కూడా వినరు.

ఆదివారం రిహార్సల్‌కి ఫెలిసియానో వచ్చాడు. విల్ఫ్రిదో బ్యాండులో డ్రమ్స్ అతనివే. ఇద్దరూ ఒకే బడిలో దెబ్బలు తిన్నవాళ్లు.

"చూశావట్రా ఆ పొరుగువాడి కూత?"

"చూశా." ఫెలిసియానో టెరెరే ఆకు వేసిన కొమ్ముగ్లాసులోకి చల్లనీళ్లు వంపుతున్నాడు.

"తగ్గించమన్నది నీ తాళాల్నిరా! నీకు రోషం లేదూ?"

"ఒకసారి తగ్గించి చూస్తే పోయేదేముంది?"

"తన చప్పుడు తగ్గించమనే డ్రమ్మరు లోకంలో ఎక్కడైనా ఉన్నాడట్రా? సరే, నువ్వే చెప్పు. నీకెలా ఉంది?"

ఫెలిసియానో గ్లాసు అందించాడు. తర్వాత గోడకేసి చూశాడు.

"బాగానే ఉందిరా."

"మరి! ఇది ఆ డెర్లిస్ గాడి పనే."

డెర్లిస్ ఒకప్పుడు ఈ బ్యాండులోనే బేస్ గిటార్ వాయించేవాడు. "నీ చెవులు పోయాయిరా" అని మొహం మీదే అన్నాడు. విల్ఫ్రిదో అతన్ని ఆ పూటే పంపేశాడు. తర్వాత డెర్లిస్ ఇంటికొచ్చి తన పెళ్లికి పిలిచినా వెళ్లలేదు. ఫెలిసియానోనూ వెళ్లనివ్వలేదు.

కొత్త పాట పెట్టినప్పుడల్లా పొరుగువాడు వచ్చేవాడు. ప్రతిసారీ అదే మాట, అదే మర్యాద.

విల్ఫ్రిదో పంతానికి తాళాలు ఇంకాస్త పెంచేవాడు. నిజానికి పంతం ఒక్కటే కాదు. ఎంత పెంచినా అవి అతనికి మూతపెట్టిన గిన్నెలోంచి వస్తున్నట్టే ఉన్నాయి.

ఒకరోజు పొరుగువాడు ఇలా రాశాడు: "వెక్కిరింపనుకోకండి. ఒక్కసారి చెవుల డాక్టరుకు చూపించుకోండి. మీ పాటలు ఇంకా చాలా కాలం వినాలనుంది."

చివరి వాక్యం విల్ఫ్రిదో చదవనే లేదు. గ్రూపు నడిపే ఆవిడకు కబురు పెట్టాడు.

"వాడుంటే నేనుండను."

ఆవిడకు మాత్రం ఎందుకొచ్చిన గొడవ? పొరుగువాణ్ణి తీసేసింది.

ఆ తర్వాత ఏ పాట కిందైనా అదరగొట్టావనే మాట తప్ప మరొకటి లేదు. చదివి చదివి విల్ఫ్రిదోకే అలసట వచ్చింది.

ఊరి ఉత్సవంలో స్థానిక బ్యాండుల పాటలన్నీ చౌకులో పెద్ద స్పీకర్లలో వేశారు. విల్ఫ్రిదో పాట మొదలైంది.

బెంచీ మీది ముసలాయన చెవులు మూసుకున్నాడు. ఒక తల్లి బిడ్డ చెవుల మీద అరచేతులు కప్పింది. చిపా రొట్టెలమ్మే ఆవిడ గంప నెత్తికెత్తుకుని అవతలి వీధికి వెళ్లిపోయింది.

విల్ఫ్రిదోకు మాత్రం పాట గోడ అవతల ఎక్కడో మోగుతున్నట్టుంది. భయం వేసింది. ఫెలిసియానో వంక చూశాడు.

ఫెలిసియానో తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

మర్నాడు చెవుల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సన్నటి శబ్దాలు మీకిక వినిపించవు. పగలు ఆ కోత మిషన్లు, సాయంత్రం హెడ్‌ఫోన్లు. ముందే వచ్చి ఉంటే కొంతైనా దక్కేది. మీకెవరూ చెప్పలేదా?"

"ఒకడు చెప్పాడమ్మా," అన్నాడు విల్ఫ్రిదో. "తరిమేశాను."

ఆ సాయంత్రం కొట్లో దీపం కూడా వేయకుండా కూర్చున్నాడు. ఫెలిసియానో వచ్చి, ఏమైందని అడక్కుండానే టెరెరే కలిపాడు.

"మిక్సింగ్ ఇక నావల్ల కాదురా," అన్నాడు విల్ఫ్రిదో. "ఓపిక లేదు. చెవులూ లేవు."

"ఊఁ."

"ఆ పొరుగువాణ్ణి మళ్లీ చేర్చుకోమని గ్రూపు నడిపే ఆవిడను బతిమాలాను. చేర్చుకుందట. డెర్లిసైతే ఏం, ఇంకెవరైతే ఏం, క్షమించమని అడగాలి. ఇందరు అదరగొట్టావంటుంటే వాడొక్కడేరా సొంతవాడిలా చెప్పింది."

ఫెలిసియానో గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

విల్ఫ్రిదో ఫోను తీశాడు. పొరుగువాడి పేరు వెతికి, మసి వేళ్లతో ఒక్కో అక్షరం నొక్కాడు.

"నువ్వు చెప్పిందే నిజం. నన్ను క్షమించు."

పంపాడు.

పక్కన ఏమైనా మోగిందో లేదో అతనికి వినిపించలేదు కానీ, ఆ చీకట్లో ఫెలిసియానో చొక్కా జేబు ఒక్కసారి వెలిగింది.