ఎవరూ కొట్టని భేరి

"బాబాయ్, నీ భేరి మళ్ళీ మూలుగుతోంది. చెయ్యి ఆనించు!" చర్చిలో సాధన మధ్యలో సింఫనీ ఆపించి కసిరింది ఫ్రౌకె. వాద్యబృందాన్ని నడిపించేది ఆమే.

పాతకాలపు భేరికి దూడతోలు. పక్కవాళ్ళు వాయిస్తే అదీ పలుకుతుంది. అరచెయ్యి ఆనించి ఊరుకోబెట్టాలి. భేరి వాయించే వుబ్బో పొద్దుట్నించీ అదే పనిలో ఉన్నాడు.

"తోలు తీసి ప్లాస్టిక్ బిగించుకోరాదూ?" అన్నాడు పెద్ద ఫిడేలు వాయించే గీర్ట్.

"ముందు నీ పేగు తీగలు పీకి ఇనపతీగలు కట్టు!" అన్నాడు వుబ్బో.

చర్చి అంతా నవ్వులు. చేతికింద తోలు మాత్రం వణుకుతూనే ఉంది.

"ఎవర్రా ఇంకా వాయిస్తోంది?"

"ఎవరూ లేరు బాబాయ్. ఫిడేలు కమాన్లన్నీ ఒళ్ళోనే ఉన్నాయి."

"బయట లారీ ఏదో పోతోందేమో," అంది ఫ్రౌకె.

"వంతెన మూసేశాక ఇటు లారీలెక్కడివి?" అన్నాడు గీర్ట్. తర్వాత అతనూ నవ్వలేదు. గ్యాసు తోడితోడి నేలను గుల్ల చేసిన ఊరది. నేల కంపించి కంపించి, గోడల్లో పగుళ్ళు లేని ఇల్లు లేదు.

వుబ్బో మెల్లగా చెయ్యి తీశాడు. తోలుమీద చేతి అచ్చు మిగిలింది. దాని చుట్టూ తెల్లటి సున్నపు పొడి చిందులేస్తోంది. చూస్తుండగానే పైకప్పు నుంచి మరికొంత రాలి, ఆ అచ్చును పూడ్చేసింది.

"పొద్దుట్నించీ ఇది చెబుతూనే ఉంది తల్లీ. నేనే నోరు నొక్కాను," అన్నాడు వుబ్బో గొంతు తగ్గించి. "అన్నీ ఇక్కడే వదిలెయ్యండి. చప్పుడు కాకుండా బయటికి నడవండి."