ఐదో తరగతి మంజూరు

"ఇదేనా పంతులుగారూ మీరు రాసిన ఏడాది ప్రణాళిక?" అంటూ ఇన్‌స్పెక్టరు పుస్తకాన్ని బల్ల మీద ఇటు తిప్పాడు.

మొదటి పేజీ తెల్లగా ఉంది. రెండోదీ అంతే. ఆయన బొటనవేలితో ఇంకో పదిహేను పేజీల దాకా తిప్పి చూపించాడు. ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు.

రామచంద్రం పంతులు ముందుకు వంగి చూశాడు. నెల రోజులు కూర్చొని రాశాడు. ఐదో తరగతికి లెక్కలు ఎట్లా చెప్పాలి, ఇంగ్లీషు ఎట్లా చెప్పాలి, ఏ నెలలో ఏ పాఠం అన్నీ రాశాడు. అదిప్పుడు ఏ గంగలో కలిసిందో ఆయనకే తెలియలేదు.

"రాసిన సార్. నా పిల్లల మీద ఒట్టు, రాసిన."

"మరి ఏదండీ?"

"మా ఇంట్ల గిసుంటిదే ఇంకోటున్నది. రెండూ ఒక్క దుకాణంలనే కొన్న. పొద్దుగాల బస్సు పోతదేమోనని పరేషాన్ల అది ఇడిచిపెట్టి ఇది పట్టుకొచ్చినట్టున్న."

ఇన్‌స్పెక్టరు అట్ట వైపు చూశాడు. "దీని మీద పేరు కూడా లేదు."

"గదే సార్. నేను అట్ట మీద పేరు రాసిన, బడి పేరు గూడ రాసిన. ఇది అది కాదు. రేపు పొద్దుగాల తెచ్చిస్త, జర ఆగుండ్రి."

"ఐదు గంటలకు మంజూరు జాబితా జిల్లాకు వెళ్లిపోతుంది. ఇప్పుడు నాలుగు దాటింది. రేపు తెస్తే వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు దాకా ఆగడానికి ఆ పిల్లలేమన్నా రాతిబొమ్మలా? పంతులు బల్ల అంచు పట్టుకున్నాడు.

"తొమ్మిది మంది నాలుగు పాసై కూసున్నరు సార్. మా బడిల ఐదు లేదంటె మంథని పోవాలె. నడుమ వాగున్నది. మొగపిల్లలన్న పోతరేమో గని, ఆడపిల్లలు నలుగురూ బీడీలకు కూసుంటరు. కిష్టవ్వని ఒకామె ఉన్నది. ఆమె బిడ్డ బాలవ్వకు పందొమ్మిదో ఎక్కం తడుముకోకుంట వస్తది. 'పంతులూ, నీ బడిల ఐదున్నదంటె పంపుత, లేదంటె ఎల్లుండి సంది బీడీల చాట పట్టిస్త' అన్నది నాతోని. ఆమెకు నేనేం చెప్పాలె?"

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. గుంటూరు దిక్కు నుంచి వచ్చి మూడు నెలలయింది. చేతులు జోడించేవాళ్లను రోజుకు పదిమందిని చూస్తున్నాడు. ఎవరి మాట నిజమో తేల్చుకునే ఓపిక ఆయనకు లేదు.

"నోటితోని చెప్త సార్, ఇనుండ్రి," అని పంతులు కళ్లు మూసుకున్నాడు. "జూన్ల నాలుగో తరగతి లెక్కలు మల్ల ఒకసారి. అణాలు పోయి నయాపైసలొచ్చినయి గద, అందుకని దశాంశాలు జూలైలనే షురూ. నాట్లప్పుడు సగం మంది పిల్లలు పొలాలకు పోతరు, ఆ నెల కొత్త పాఠం పెట్టలే, ఎక్కాలే. దసరా లోపట ఇంగ్లీషు అక్షరాలు పెద్దవీ చిన్నవీ. దసరా అయినంక..."

"పంతులుగారూ."

"దసరా అయినంక చిన్న చిన్న మాటలు సార్. సంక్రాంతికి..."

"పంతులుగారూ, ఆగండి. మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ నోటిమాటను నేను ఫైల్లో పెట్టలేను."

అంతే, పంతులు వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. యాభై ఏళ్ల మనిషి తన కాళ్ల మీద పడేసరికి ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గరున్న చప్రాసీ అబ్బాస్ తల అటు తిప్పుకున్నాడు.

"లేవండి. మీ వయసుకు ఇది తగదు. ఒక్క సాయం చేయగలను. గడువులోగా ప్రణాళిక రాయలేదని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి. మీ ఉద్యోగానికి మాట రాకుండా నేను చూసుకుంటాను. ఐదో తరగతి సంగతి మాత్రం మరిచిపోండి."

"రాసినోన్ని రాయలేదని ఎట్ల రాయాలె సార్?"

"మరి రాసినట్టు రుజువేముంది?"

పంతులు పుస్తకం వంక చూశాడు. ఎదురుగా తెల్ల కాగితాలు కనబడుతుంటే ఏమని వాదిస్తాడు? నిజంగా రాశానా, రాశానని అనుకున్నానా అని తన మీద తనకే అనుమానం పుట్టింది. తొమ్మిది మంది పిల్లల నోట్లో తనే మన్ను కొడుతున్నానని ఏడుపు ముంచుకొచ్చింది.

"కాగితమన్న ఇయ్యుండ్రి," అన్నాడు చివరికి.

"వేరే కాగితమెందుకు? ఆ పుస్తకమే ఉంది కదా. మొదటి పేజీలో రాసివ్వండి." ఇన్‌స్పెక్టరు దాన్ని మూసి ఆయన ముందుకు తోశాడు.

అబ్బాస్ సిరాబుడ్డి తెచ్చి పెట్టాడు. పంతులు కలం ముంచాడు. కళ్ల నిండా నీళ్లు, పుస్తకం సరిగా కనబడటం లేదు. చిన్నప్పుడు ఉర్దూ బడిలో పుస్తకాలు పట్టిన చెయ్యి అది. తెలుగు రాత వచ్చి పదేళ్లయినా దాని అలవాటు దానిదే. చూడకుండానే పుస్తకాన్ని బోర్లా తిప్పి, ఉర్దూ పుస్తకం తెరిచినట్టు ఎడమ పక్క నుంచి వెనక అట్ట ఎత్తింది.

కలం కాగితానికి ఆనకుండా గాలిలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఇంకా ఆలోచనేమిటి? మొదటి పేజీలో రాయమన్నాను కదా."

"మొదటి పేజీల జాగ లేదు సార్," అన్నాడు పంతులు, "జూన్ నెల లెక్కలున్నయి."