ఎదురుగా కూర్చున్న అజ్ఞాత రచయిత్రి

మా రేడియో కేంద్రానికి దర్జీ పెద్దమ్మ పేరు సిఫారసు చేసింది నేనే. తనే పాటలు కట్టి, తనే పాడుతుంది. కట్టింది తనేనని రేడియోలో చెబుతామంటేనే వచ్చింది.

మా డైరెక్టరు గారు జానపద గాయనులను 'వెలికితీస్తారు'. వాళ్లంతా ఆయన పుట్టకముందు నుంచీ పాడుతున్నవాళ్లే.

రెండు చరణాలు రికార్డయ్యాక ఆయన ఫారం నా ముందుకు తోశారు. "రచన, అజ్ఞాతం. సేకరణ, నా పేరు. రాయమ్మా."

"కట్టింది ఈవిడేనండీ. ఎదురుగానే ఉన్నారు."

"జానపదాన్ని ఎవరూ కట్టరమ్మా, దానంతటదే పుడుతుంది. డిగ్రీ చేశావు, ఆ మాత్రం తెలీదా?"

పెద్దమ్మ హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి లేచింది.

"అదేంటి, చివరి చరణం పాడాలిగా?" అన్నారు డైరెక్టరు గారు కంగారుగా.

పెద్దమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "అది ఇంకా పుట్టలేదు బాబూ. కూర్చోండి, దానంతటదే పుడుతుంది."