మూడింటి సైరన్

మామగారి చేతిలో తాళం కప్ప ఉంది. కుట్టు కార్ఖానా వెనక తలుపుకి అడ్డంగా కోడలు రెండు చేతులూ చాపి నిలబడింది.

"జరుగమ్మాయ్. ఈ తలుపు తెరిచి పెడితే సగం గుడ్డ సంచుల్లోకే పోతుంది."

"తాళం వేస్తే మనుషులే పోతారు మామయ్యా."

ఆయన తాళాన్ని జేబులో వేసుకున్నాడు గాని పంతం వదల్లేదు. బీమా ఆఫీసరు ఆ రోజే వస్తున్నాడు. మూడింటికి సైరన్ మోగించాలి. లోపలున్న ఆడవాళ్లంతా చెప్పిన టైములో ముందు వాకిట్లోకి వచ్చేస్తే బీమా ఖర్చు తగ్గుతుంది, వెనక తలుపు తెరిచే ఉంటుంది. ఒక్కరు వెనకబడినా తలుపుకి తాళం, కోడలికి వంటిల్లు. అదీ ఆయనగారి తీర్పు.

కోడలి భయమంతా కత్తెర పిన్ని గురించే. కార్ఖానాలో అందరికంటే పాత మనిషి. నడుముకి కత్తెర, నోటికి అంతకంటే పదును. సాధన కోసం సైరన్ మోగించిన ప్రతిసారీ అందరూ లేచి పోతుంటే, ఆవిడ మాత్రం చేతిలో కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, నడుం నిమురుకుని అప్పుడు లేచేది. ఉత్తుత్తి మంటకి ఈ ఉరుకులేమిటే అని మిగతావాళ్లని వెక్కిరించేది. మామగారైతే ఆవిణ్ని పనిలోంచి తీసేయమన్నాడు. కోడలు అంత తెలివితక్కువది కాదు. పిల్లి మెడలో గంట కట్టే బదులు, గంటని పిల్లికే అప్పజెప్పింది. హాలు చివర, అడ్డుగోడ వెనకున్న ఇస్త్రీ బల్లల దగ్గర నిప్పు రాకుండా చూసే బాధ్యతంతా ఇకనుంచి నీదే పిన్నీ అంది. పిన్ని మూతి ముప్పై వంకర్లు తిప్పి, సరేలెమ్మంది.

బీమా ఆఫీసరు పొద్దున్నే దిగాడు. ముందు గదిలో మామగారు టీ ఇచ్చి, కబుర్లలో పెట్టి, మూడింటి దాకా ఎలా గడపాలా అని చూస్తున్నాడు. ఆ టీ సగం తాగకముందే సైరన్ మోగింది.

ఆఫీసరు కప్పు కింద పెట్టి గడియారం చూసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"ముందే మోగించేశారే! చెప్పిన వేళకి చేస్తే అది పరీక్షెలా అవుతుంది? మంచి పని చేశారండీ."

మామగారు బిత్తరపోయాడు. అయినా మెచ్చుకోలు ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు? అంతా తన ఆలోచనే అన్నట్టు తలూపాడు.

వాకిట్లో నిలబడ్డ కోడలికి మాత్రం ఒళ్లు మండిపోయింది. తనని ఓడించడానికే ఈయన వేళ మార్చాడనుకుంది. కానీ రెండు తలుపుల్లోంచీ ఆడవాళ్లు రావడం చూసేసరికి ఆ కోపం ఎటుపోయిందో. బారులు తీరి వస్తున్నారు. తోపులాట లేదు. సంచీల కోసం, టిఫిన్ డబ్బాల కోసం ఒక్కతె కూడా వెనక్కి తిరగలేదు. నెలలు నిండిన పిల్లని ఇద్దరు చెరో పక్కా పట్టుకుని నడిపించుకొచ్చారు. మూడింటి దాకా ఆగలేకపోయారా అని నవ్వుకుంటూనే ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. మామగారి వెంట వాకిట్లోకి వచ్చిన ఆఫీసరు కనుబొమలు పైకెగరేశాడు.

"మా కోడలిచ్చిన తర్ఫీదండీ" అన్నాడు మామగారు, ఛాతీ విరుచుకుని.

ఆఫీసరు తలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కలం ఆగిపోయింది.

"ఒకరు తక్కువున్నారు."

ఎవరో చెప్పనక్కర్లేదు. మామగారి చెయ్యి జేబులోకి పోయింది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. తనే లోపలికి పరుగెత్తబోయింది. అంతలో వెనక తలుపు వైపు నుంచి కత్తెర పిన్ని వచ్చింది, పెళ్లినడకలు నడుస్తూ, తలమీదా భుజాలమీదా తెల్లటి పొడితో, సున్నం బస్తాలో పడి లేచినట్టు.

"కొంప ముంచావు కదే! అంత వదల్లేని కుట్టేమిటే అది?" అన్నాడు మామగారు.

"ఆవిణ్నేమీ అనకండి మామయ్యా. చెప్పాపెట్టకుండా సైరన్ మోగించింది మీరు."

"నేనా? నువ్వు కాదూ?"

ఇద్దరూ ఆఫీసరు వైపు చూశారు. ఆయన అడ్డంగా తలూపాడు.

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇస్త్రీ బల్ల నిజంగానే అంటుకుందమ్మా. సైరన్ కొట్టి, అందరూ బయటపడ్డారో లేదో చూసి, ఎర్ర సిలిండరుతో మంట ఆర్పి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది."