సోలెడు తౌడు

"తౌడప్పా!"

నారాయణఖేడ్ ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఎవరో ఆడమనిషి పిలిచింది.

పెళ్లికొడుకు వెనక్కి తిరగలేదు. పెళ్లిపత్రికలో అతని పేరు తరుణ్. అత్తగారి వైపు ఎవరికీ పాతపేరు తెలియదు. తెలియకూడదు కూడా.

"ఎవర్ని బావా పిలుస్తుంది?" బావమరిది శ్రీను అడిగాడు.

"నాకేం ఎరుక."

ఆమె నేరుగా వచ్చి అతని ముందు నిలబడింది. యాభై దాటిన మనిషి. బస్సు దుమ్ము ఇంకా ముఖం మీదే ఉంది.

"నేను కిష్టవ్వను బిడ్డా. నాగల్‌గిద్ద నుంచి వచ్చిన. నిన్ను కొన్నది నేనే."

శ్రీనుకు హుషారు పుట్టింది. "ఎంతకు కొన్నవ్ పెద్దమ్మా? మాకైతే కారు వడ్డది."

"సోలెడు తౌడుకు."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. పెళ్లికొడుకు ముఖం మాడిపోయింది.

కిష్టవ్వ నవ్వలేదు.

"మీ అమ్మకు పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుండె. నువ్వన్న దక్కాలని నాకు అమ్మింది. తౌడుకు అమ్ముడువోయినోన్ని సావు గూడ లెక్కజెయ్యదంటరు. గందుకే నీకా పేరు. ఒక్క రాత్రి నా ఒడిల ఉంచుకొని, సాదుమని మల్ల ఆమెకే ఇచ్చిన. పెండ్లినాడు ఆ తౌడు నా కొంగుల వోసి నిన్ను ఇడిపించుకోవాలె. అప్పటిదాంక నువ్వు నా కొడుకువే."

"ఇప్పుడేంది? చీరె కావాల్నా?" అన్నాడు పెళ్లికొడుకు.

"ఏ చీరె వద్దు. తౌడు వోసినంక అందరి ముందట ఒక్కసారి అమ్మా అను. గంతే."

అతను తల్లి వైపు తిరిగాడు. లింగమ్మ పసుపు పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది.

"అమ్మా, గీమె ఎవలు?"

లింగమ్మ తల ఎత్తలేదు.

"నాకెరుకలే."

"లింగవ్వా..." అంది కిష్టవ్వ.

"ఎరుకలేదంటున్న గద. పెండ్లిలల్ల గిట్లాంటోళ్లు మస్తుమంది వస్తరు. పంపియ్ బిడ్డా."

అతను కిష్టవ్వ జబ్బ పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లాడు.

"నా పెండ్లిల పరేషాన్ జెయ్యకు. మల్ల కనవడకు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. అదే చేతిని అతని తల మీద పెట్టింది.

"తౌడు లేకున్నా నిన్ను మీ అమ్మకే ఇచ్చేసిన. సల్లగుండు, పో."

ముహూర్తానికి పెళ్లికూతురు శివాని మెడలో తాళి పడింది.

భోజనాల వేళకు బాలప్ప వచ్చాడు. నాగల్‌గిద్దలో ఒకప్పుడు వాళ్ల పక్కింటివాడు. అక్షింతలు వేస్తూనే అడిగాడు.

"కిష్టవ్వ ఏది? పొద్దుగాల బస్సుకే బయలెల్లింది. తౌడు వోసిండ్రా?"

పెళ్లికొడుకు పీటల మీద నుంచి లేచాడు. తల్లిని వంటశాల వెనక పట్టుకున్నాడు. బాలప్ప కూడా వెంటే వచ్చాడు.

"ఎరుకలేదంటివి."

లింగమ్మ గోడకు ఆనుకుంది. "ఆమె మొకం సూడలేకపోయిన."

"ఏం జేసింది నీకు?"

"ఆమేం జెయ్యలే. నేనే జేసిన. అమ్మిననాడు నీ ఒళ్లు కాలుతుండె. తట్టు లేచే జరమని నాకెరుకే. ఆమెకు జెప్పలే."

"ఎందుకు జెప్పలే?"

"జెప్తే కొంటదారా?"

అతను గేటు వైపు చూశాడు. నాగల్‌గిద్ద బస్సు ఎప్పుడో పోయింది. ఇన్నాళ్లూ తన పేరు చూసి సిగ్గుపడ్డాడు. ఇప్పుడు తల్లిని చూడలేకపోతున్నాడు.

బాలప్ప నెమ్మదిగా లింగమ్మ వైపు తిరిగాడు.

"పోచమ్మ తల్లి తీస్కపోయిందనుకున్నం లింగవ్వా, ఇన్నేండ్లు ఊరంత గట్లనే అనుకున్నం."

"ఎవర్ని కాకా?" పెళ్లికొడుకు అడిగాడు.

"ఆమెకున్న ఒక్క కొడుకును. ఆ రాత్రి మీ ఇద్దర్ని ఒక్క ఒడిలనే పండవెట్టుకొని పాలిచ్చింది. తట్టు నుంచి నువ్వొక్కనివే లేచినవ్."