చీమ పట్టని కొబ్బరి

సూరయ్య తోటలో ఏడు కొబ్బరిచెట్లకు ఎవరో సున్నం గుర్తు పెట్టి పోయారు.

కాయ బేరగాళ్ల లెక్కలో చెట్టుకు సున్నం పడిందంటే అర్థం ఒకటే. ఆ చెట్టు కాయ ఎవరో కొన్నారు.

కొత్తపేట అవతల, కాలవగట్టు తోట అది. రెండేళ్లు బీడుపడి ఉంటే కిందటేడు సూరయ్య కౌలుకు పుచ్చుకుని, భార్య వీరాయమ్మతో అందులోనే ఇల్లు వేసుకున్నాడు. తన కౌలు మీద ఇంకొకడు బయానా పెట్టాడని తేల్చుకుని, చెట్లెక్కి కాయ దింపు తీసే గంగబాబు చేత తడిగోనెతో గుర్తులన్నీ తుడిపించాడు.

మర్నాడు పొద్దున్నకి ఏడు చెట్లకూ మళ్లీ సున్నం ఉంది.

ఏడో చెట్టు కింద ఒక మనిషి సున్నం డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. అరికాళ్లు ఉడికిన చేమదుంపల్లా పొరలు పొరలుగా లేచి ఉన్నాయి.

“ఏ కొబ్బరికొట్టు తాలూకండి తమరు? అంబాజీపేటా?” అన్నాడు సూరయ్య.

“ఏ కొట్టూ కాదండి.”

“కొట్టు లేకుండా సున్నం డబ్బా ఏంటండి? మా తోటలో పెళ్లేమన్నా చేస్తున్నారా?”

ఆ మనిషి నవ్వలేదు. “కప్పలు వినబడుతున్నాయా అండీ?” అన్నాడు.

శ్రావణమాసం. వాన అప్పుడే వెలిసింది. కాలవ అవతల కప్పలు గోల పెడుతున్నాయి. ఇవతల, ఈ ఏడు చెట్ల మధ్య, ఒక్కటీ అరవడం లేదు. ఏడాదిగా తిరుగుతున్న తోట. సూరయ్యకు ఈ సంగతి ఇవాళే చెవినబడింది.

ఆ మనిషి లేచి కాలవ వంతెన దాకా వెళ్లాడు. కళ్లు మూసుకుని, లోపల ఏదో లెక్కపెట్టుకుంటూ నడిచి వచ్చి, సరిగ్గా ఏడో చెట్టు పక్కన ఆగాడు.

“ఇక్కణ్ణించి మీ నూతి దాకా కింద పీపాలున్నాయండి. ఎక్కడిదో కంపెనీ మురుగు. దొంగతనంగా పూడ్చేరు.”

“తమరు చూసేరా?”

“తవ్వితే మీరే చూస్తారండి. ఒక కొబ్బరిచెక్క ఇప్పించండి.”

ఇచ్చిన చెక్కను అక్కడే నేల మీద వెల్లకిలా పెట్టాడు. “సాయంత్రం దాకా ఉంచండి. ఒక్క చీమ పట్టినా నేను అబద్ధమాడేనన్నట్టే.”

అతను వెళ్లాక సూరయ్య ఇంకో చెక్క తీసుకెళ్లి కాలవ అవతల పెట్టాడు. సరుకు రెండు చోట్ల తూచి చూడటం అతని అలవాటు.

అవతలి చెక్క పావుగంటలో చీమలతో నల్లబడింది.

సాయంత్రానికి ఇవతలి చెక్క పెట్టింది పెట్టినట్టే, తెల్లగా ఉంది.

సూరయ్య చుట్టూ చూసి, రెండు చెక్కలూ కాలవలోకి విసిరేశాడు. గంగబాబుకీ చెప్పలేదు, వీరాయమ్మకీ చెప్పలేదు.

మర్నాడు ఆ మనిషి గుమ్మం దాకా వచ్చాడు. నిలబడటానికి చూరు పట్టుకున్నాడు.

“రేపు కాలుష్యం ఆఫీసువాళ్లు వస్తారండి. నేను రాలేను, ఒంట్లో బాగోలేదు. గుర్తులు చెరపకండి. తవ్వుతామంటే ఆయ్ అనండి, చాలు.”

“బాగుందండి. నేల చెడ్డ తోటని పేరు పడ్డాక నా కాయ ఎవడు ముట్టుకుంటాడు?”

“కాయ సంగతి సరేనండి. నూతి నీళ్లు ఎవరు తాగుతున్నారు?”

లోపల వీరాయమ్మ బిందె దింపిన చప్పుడైంది.

ఆఫీసువాళ్లు వచ్చేసరికి చెట్లకు సున్నం లేదు.

“ఎవడో మతిలేని మనిషండి,” అన్నాడు సూరయ్య. “నాలుగు రోజులుగా ఊళ్లన్నీ ఇలాగే తిరుగుతున్నాడంట.” వాళ్లకు కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చాడు, కాలవ అవతలి చెట్లవి.

ఆ మనిషి మళ్లీ రాలేదు. గండం గడిచిందనుకున్నాడు సూరయ్య.

నెల తిరక్కుండా ఇంట్లో వండిన అన్నం గంటకల్లా నేరేడుపండు రంగుకు తిరగడం మొదలైంది. వీరాయమ్మ కాళ్లు వాచాయి. తరవాత మొహం వాచింది. అమలాపురం డాక్టరు కాగితాలు చూసి, “ఏ నీళ్లు తాగుతున్నారు?” అన్నాడు. ఆ మాట సూరయ్య అంతకుముందే విన్నాడు.

ఆస్పత్రి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి, నూతి నీళ్ల సీసా బల్ల మీద పెట్టాడు. సున్నం ఎక్కడెక్కడ చెరిపాడో, ఏం అబద్ధం ఆడాడో అంతా చెప్పాడు.

ఆఫీసరు అపర్ణ ఫైలు తీశారు. “మీ తోట పదకొండోదండి. మిగతా పదీ ఈ నెల్లో ఆయన చూపించిన చోటే తవ్వేం. అన్నిట్లోనూ పీపాలు దొరికేయి. రేపు మీదీ తవ్విస్తాం. నూతి మాత్రం ఇవాళే మూసెయ్యండి.”

“మా ఆవిడ మంచాన పడ్డాకండి, నాకు బుద్ధొచ్చింది,” అన్నాడు సూరయ్య. “ఆయన మీ ఆఫీసు మనిషేనా అండీ? ఎక్కడుంటారో చెబితే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను.”

“వీరన్న గారా? పోయిన శుక్రవారం చనిపోయేరండి.”

అపర్ణ ఫైలు అతని వైపు తిప్పారు.

“ఆఫీసు మనిషి కాదండి, ఈ పీపాలన్నీ లారీలో తెచ్చి పూడ్చిన డ్రైవరు ఆయనే, ఫిర్యాదులో మొదటి ముద్దాయిగా తన పేరే రాసుకున్నారు.”