నాలుగు మైళ్ల బరువు

"తొంభై రెండు కిలోలట," అంది భార్య, ఫోన్ పెట్టేసి.

మాజీ సిపాయి మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నడుముకి మందు రాసి ఉంది. తల ఎత్తకుండానే అడిగాడు.

"పోయినేడు ఎనభై ఆరే కదా?"

"మోకాలి నొప్పని మేజర్ గారు నడక మానేశారట. తిండి మాత్రం మానలేదట. వాళ్లావిడని బతిమాలాను. అక్కా, ఈ వారమైనా కాస్త చూసి వడ్డించండి, మా ఆయన నడుం మీ గరిటెలో ఉందీ అని."

"ఏమంది?"

"నవ్వింది."

యుద్ధంలో గాయపడిన మేజర్‌ని కొండ మీది నుంచి నాలుగు మైళ్లు వీపున మోసి శిబిరానికి చేర్చినందుకు అతనికి పతకం వచ్చింది. వీధిలో అందరూ అతన్ని పతకం బాబాయి అంటారు. ఇద్దరూ రిటైరయ్యారు. అయినా ఏటా రెజిమెంట్ వార్షికోత్సవంలో మైదానం గేటు నుంచి వేదిక దాకా అతను మేజర్‌ని మోయాలి, బ్యాండు మోగాలి, జనం లేచి నిలబడాలి. మేజర్ ఒక్కసారీ వద్దనలేదు. పైగా మెడ చుట్టూ చేతులు వేసి, "ఊ, పద," అంటాడు.

"ఎముకల డాక్టర్ బిందె కూడా ఎత్తొద్దన్నాడు," అంది భార్య. "ఈసారి కుర్రాడెవడి చేతనైనా మోయించమనండి."

"పతకం నాదీ, వీపు వాడిదీనా?"

"పోనీ చక్రాల కుర్చీలో తోయండి."

"కుర్చీ తోసినందుకు పతకం ఎవరిస్తారే?"

ఆమె మందు సీసా మూత బిగించింది. "సరే, వెళ్లి విరగ్గొట్టుకోండి. మంచాన పడితే మాత్రం నేను మోయను."

వార్షికోత్సవం నాడు అతను నడుముకి పట్టీ బిగించి, దాని మీద యూనిఫాం తొడుక్కుని, పతకం పెట్టుకున్నాడు. ముందు మైకు ఇచ్చారు. ఏటా చెప్పేదే చెప్పాడు.

"కొండ మీద పేలుడు గుర్తుంది. కళ్లు తెరిస్తే పక్కన సార్, మోకాలి నిండా రక్తం. ఎత్తుకోవడం గుర్తుంది. శిబిరం గేటు గుర్తుంది. మధ్యలో నాలుగు మైళ్లు ఎలా మోశానో ఇప్పటికీ నాకే తెలియదు."

ఆ వినయానికి జనం చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర మేజర్ ఎదురుచూస్తున్నాడు.

"టిఫిన్ చేశారా సార్?" అని పతకం బాబాయి భయంగా అడిగాడు.

"రెండుసార్లు."

అతను వంగాడు. మేజర్ ఎక్కాడు. బ్యాండు అందుకుంది. ఒక అడుగు పడింది. రెండోది వేయబోతే నడుంలో కలుక్కుమంది. అలాగే వంగి ఉండిపోయాడు. బ్యాండు వాళ్లు మొదటి వరసే మళ్లీ వాయించారు.

"ఏమైందోయ్?"

"పట్టేసింది సార్. దిగండి. నా పరువు పోయింది."

మేజర్ దిగాడు. జనం వైపు ఒకసారి చూశాడు. టోపీ సర్దుకుని, అతన్ని బియ్యం బస్తాలా భుజాన వేసుకుని వేదిక వైపు నడిచాడు. ముందు వరసలో భార్య కొంగుతో మొహం కప్పుకుంది.

"దించండి సార్. మీ మోకాలు..."

"ఊరుకోవోయ్. ఆ రోజు నీ తుపాకీ కూడా మోశాను."

భుజం మీద తలకిందులుగా వేలాడుతున్న పతకం బాబాయి తల పైకెత్తాడు.

"ఏ రోజు సార్?"

"పేలుడుకి పడిపోయింది నువ్వు. నాలుగు మైళ్లూ మోసింది నేను. శిబిరం గేటు కనిపించాక నా మోకాలికి తూటా తగిలింది. నేను పడ్డాను, నువ్వు లేచావు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం సార్?"

"నేను ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి నీకు పతకం ఇచ్చేశారు, ఏటా నువ్వు నన్ను మోయాలనీ ఖాయం చేసేశారు," అన్నాడు మేజర్. "ఆ పూట నుంచే తిండి పెంచాను."